ఐస్ హాకీలో పెనాల్టీ రూల్స్ బిగిస్తే ఏం మారుతుంది?

టీవీలో తెలుగు టైటాన్స్ కబడ్డీ మ్యాచ్ చూసే మన రొద్దం, పెనుకొండ పిల్లల్ని ఎల్లో కార్డు అంటే ఏంటని అడగండి. వెంటనే చెప్తారు. తప్పు చేసిన ఆటగాడు రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, అంతసేపు అతని జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. ఐస్ హాకీలో మామూలు తప్పుకు వేసే శిక్ష కూడా సరిగ్గా ఇదే. రెండు నిమిషాలు బయట.

తేడా ఎక్కడుందంటే, కబడ్డీలో ఎల్లో కార్డు ఎప్పుడో ఒకసారి కనబడుతుంది. ఐస్ హాకీలో ఈ రెండు నిమిషాల శిక్ష ప్రతి మ్యాచ్‌లోనూ చాలాసార్లు పడుతుంది. చాలా మ్యాచ్‌ల ఫలితం తేలేది కూడా అక్కడే. అందుకే ఈ ఆటలో పెనాల్టీ రూల్ ఏ కొంచెం బిగించినా గోల్స్ లెక్క, ఆటగాళ్ల ఎంపిక, వాళ్ల జీతాలు, తలకు తగిలే దెబ్బలు అన్నీ కదులుతాయి.

మంచు పడని ఊళ్లో ఉన్న మనకు ఈ ఆట గోల ఎందుకని అనుకోవచ్చు. కెనడాలో స్థిరపడిన బంధువులున్న ఇళ్లలో మాత్రం ఇది అంత దూరపు సంగతేమీ కాదు. అక్కడ పిల్లాడు స్కూల్ నుంచి వచ్చి "నేనూ హాకీలో చేరతా" అంటే అది ఐస్ హాకీయే. ఆ పిల్లాడి తల్లిదండ్రులకు మొదట వచ్చే అనుమానం ఒక్కటే: దెబ్బలు తగలవా? ఈ వ్యాసం అసలు ఆ ప్రశ్న గురించే.

ఆట క్లుప్తంగా

మంచు మైదానాన్ని రింక్ అంటారు. ఉత్తర అమెరికాలోని నేషనల్ హాకీ లీగ్, అంటే ఎన్‌హెచ్ఎల్‌లో, దీని పొడవు 200 అడుగులు, వెడల్పు 85 అడుగులు. చుట్టూ గోడ, దాని మీద అద్దాలు. ఒక్కో జట్టుకు గోల్‌కీపర్‌తో కలిపి ఆరుగురు. ఆట మూడు భాగాలు, ఒక్కోటి 20 నిమిషాలు. బంతికి బదులు పక్ అనే రబ్బరు బిళ్ల ఉంటుంది. బరువు సుమారు 170 గ్రాములు. గట్టిగా కొడితే గంటకు 160 కిలోమీటర్ల వేగం దాటుతుంది.

ఈ ఆటలో పక్ దగ్గరున్న ప్రత్యర్థిని భుజంతో, నడుముతో గుద్ది ఆపడం తప్పు కాదు. దీన్ని బాడీ చెక్ అంటారు. మన ఫీల్డ్ హాకీలో ఇలా చేస్తే కార్డు పడుతుంది. ఇక్కడ మాత్రం ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. గొడవంతా వచ్చేది గుద్దడం ఎంతవరకు ఆటో, ఎక్కడి నుంచి తప్పో చెప్పే గీత దగ్గరే. ఆ గీతను ఎన్‌హెచ్ఎల్ గత 70 ఏళ్లలో చాలాసార్లు జరిపింది.

శిక్షలు ఎన్ని రకాలు

మైనర్ పెనాల్టీ: 2 నిమిషాలు. కర్రతో ప్రత్యర్థిని లాగడం, చేత్తో పట్టుకోవడం, కాలు అడ్డంపెట్టి పడేయడం, పక్ లేనివాణ్ణి అడ్డుకోవడం లాంటి వాటికి.

డబుల్ మైనర్: 4 నిమిషాలు. కర్ర పైకి లేచి ఎదుటివాడి ముఖానికి తగిలి రక్తం వస్తే ఇది.

మేజర్: 5 నిమిషాలు. ప్రమాదకరంగా గోడకు గుద్దడం, కొట్లాట వంటివాటికి.

మిస్‌కండక్ట్: ఆటగాడు 10 నిమిషాలు బయట ఉంటాడు, కానీ అతని బదులు ఇంకొకరు దిగొచ్చు. జట్టుకు మనిషి తగ్గడు.

గేమ్ మిస్‌కండక్ట్, మ్యాచ్ పెనాల్టీ: ఇక ఆ మ్యాచ్‌లో ఆడటానికి లేదు.

తప్పు చేసినవాడు రింక్ పక్కనే ఉండే పెనాల్టీ బాక్స్‌లో కూర్చుంటాడు. ఎదుటి జట్టు ఐదుగురితో, ఇతని జట్టు నలుగురితో ఆడాలి. దాన్ని పవర్ ప్లే అంటారు. క్రికెట్ పవర్ ప్లేతో దీనికి సంబంధం లేదు, పేరు మాత్రమే ఒకటి. మైనర్ పెనాల్టీలో ఎదుటి జట్టు గోల్ కొడితే శిక్ష అక్కడితో ముగుస్తుంది, కూర్చున్నవాడు లేచి రావచ్చు. మేజర్‌లో అలా కాదు. ఎన్ని గోల్స్ పడినా ఐదు నిమిషాలూ కూర్చోవాల్సిందే.

ఇద్దరు కొట్టుకుంటే ఇద్దరికీ తలా ఐదు నిమిషాలు వేస్తారు. రెండు వైపులా శిక్ష సమానం కాబట్టి ఎవరికీ పవర్ ప్లే రాదు. లెక్క ప్రకారం చూస్తే కొట్లాట వల్ల జట్టుకు నష్టం లేనట్టే. ఎన్‌హెచ్ఎల్‌లో కొట్లాట ఇన్నేళ్లు బతకడానికి ఇది ఒక కారణం. అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య పోటీల్లో మాత్రం కొట్లాటకు దిగినవాడు మ్యాచ్ నుంచే బయటికి పోవాలి. అందుకే ప్రపంచ కప్పుల్లో కొట్లాటలు చాలా అరుదు.

శిక్ష మరీ ఎక్కువైందని తగ్గించిన రోజు

రూల్స్ ఎప్పుడూ బిగిస్తూనే పోయారనుకుంటే పొరపాటు. 1950లలో మైనర్ పెనాల్టీ అంటే గోల్ పడినా పడకపోయినా రెండు నిమిషాలూ పూర్తిగా కూర్చోవాలి. ఆ రోజుల్లో మాంట్రియల్ కెనడియన్స్ జట్టు పవర్ ప్లేలో చెలరేగిపోయేది. 1955 నవంబరు 5న ఆ జట్టు ఆటగాడు జాన్ బెలివో పవర్ ప్లేలో 44 సెకన్లలోనే మూడు గోల్స్ కొట్టాడు. ఒక్క తప్పుకు మూడు గోల్స్ శిక్ష అంటే న్యాయం కాదని మిగతా జట్లు మొత్తుకున్నాయి. 1956లో రూల్ మార్చారు. గోల్ పడితే మైనర్ ముగిసినట్టేనన్న ఇప్పటి పద్ధతి అప్పటి నుంచి వచ్చిందే.

తప్పుకు తగ్గట్టు శిక్ష ఉండాలన్నది ఇక్కడ మొదటి పాఠం. శిక్ష తప్పును మించితే ఆట ఒకవైపుకు వాలిపోతుంది.

2005: రూల్ కొత్తది కాదు, విజిల్ కొత్తది

ఆధునిక ఐస్ హాకీలో పెద్ద మార్పు 2005లో వచ్చింది. అంతకు ముందు పదేళ్లుగా ఆట నెమ్మదించింది. వేగంగా దూసుకుపోయే ఆటగాణ్ణి కర్రతో కొక్కెంలా పట్టి లాగడం, జెర్సీ పట్టుకోవడం, దారికి అడ్డంగా నిలబడటం మామూలైపోయాయి. పుస్తకంలో ఇవన్నీ తప్పులే. కానీ రిఫరీలు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు. గోల్స్ తగ్గాయి, చూసేవాళ్లకు విసుగొచ్చింది. జీతాల గొడవతో 2004-05 సీజన్ మొత్తం రద్దయింది.

ఆట మళ్లీ మొదలైనప్పుడు లీగ్ రిఫరీలకు గట్టిగా చెప్పింది. పుస్తకంలో ఉన్న ప్రతి అడ్డగింతకూ విజిల్ ఊదాలి, ఎవరైనా సరే, ఏ నిమిషమైనా సరే. దాంతోపాటు సొంత ప్రాంతం నుంచి పక్‌ను అద్దం మీదుగా బయటికి కొడితే రెండు నిమిషాలు అనే రూల్ తెచ్చారు. రింక్ మధ్య గీత దాటి పొడవు పాస్ ఇవ్వడానికి అప్పటిదాకా ఉన్న అడ్డు తీసేశారు.

ఫలితం లెక్కల్లో చూద్దాం. 2003-04లో ఒక జట్టుకు మ్యాచ్‌కు సగటున సుమారు 4.2 పవర్ ప్లేలు దక్కేవి. 2005-06లో అవి 5.8 దాటాయి. పవర్ ప్లేలో గోల్ పడే రేటు సుమారు 16.5 శాతం నుంచి 17.7 శాతానికి పెరిగింది. ఇప్పుడు గుణించండి. మొదటి సీజన్‌లో పవర్ ప్లే వల్ల జట్టుకు మ్యాచ్‌కు 0.7 గోల్, రెండోదాంట్లో 1 గోల్ దాటింది. అదే సమయంలో రెండు జట్లూ కలిపి మ్యాచ్‌కు పడే గోల్స్ సుమారు 5.1 నుంచి 6 దాటాయి. అంటే పెరిగిన గోల్స్‌లో దాదాపు మూడింట రెండు వంతులు పెనాల్టీల పుణ్యమే. మిగతాది ఆట తెరుచుకోవడం వల్ల వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే, లాగడం మీద శిక్ష పెంచలేదు. అప్పుడూ రెండు నిమిషాలే, ఇప్పుడూ రెండు నిమిషాలే. మారిందల్లా ఆ శిక్ష తప్పకుండా పడుతుందన్న నమ్మకం.

తర్వాత ఏమైంది

పెనాల్టీలు అలాగే పెరిగిపోతే ఆట పెనాల్టీ బాక్స్ చుట్టూనే తిరిగేది. అలా జరగలేదు. ఆటగాళ్లు నేర్చుకున్నారు. కర్ర మంచుకు ఆనించి పెట్టడం, చేతులు దగ్గర పెట్టుకోవడం, ప్రత్యర్థిని పట్టుకోకుండా పక్కన పరిగెత్తి ఆపడం అలవాటు చేసుకున్నారు. 2010ల మధ్యకు వచ్చేసరికి జట్టుకు మ్యాచ్‌కు పవర్ ప్లేలు సుమారు 3కి దిగాయి. 2003-04 కంటే కూడా తక్కువ.

ఆటగాళ్లు మారారా, లేక రిఫరీలు మళ్లీ చూసీ చూడనట్టు పోతున్నారా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది. కానీ ఒక సంగతి గట్టిగా చెప్పొచ్చు. 2021-22లో పవర్ ప్లేలు 3 లోపే ఉన్నా మ్యాచ్‌కు గోల్స్ మళ్లీ 6 దాటాయి. ఆట వేగం తిరిగి వచ్చింది, దాన్ని నిలబెట్టడానికి అన్ని పెనాల్టీలు అవసరం పడలేదు.

జట్ల ఎంపిక కూడా మారింది. ఒకప్పుడు ప్రతి జట్టులో గుద్దడానికి, కొట్టుకోవడానికి మాత్రమే పనికొచ్చే ఒకరిద్దరు ఉండేవాళ్లు. స్కేటింగ్ సరిగా రాకపోయినా వాళ్లకు జీతం ఇచ్చేవాళ్లు. వాళ్ల చోటు క్రమంగా పోయింది. పొట్టిగా, సన్నగా ఉన్నా మెరుపులా కదిలే కుర్రాళ్లకు తలుపులు తెరుచుకున్నాయి. కొట్లాటల సంఖ్య 2000ల ఆరంభంతో పోలిస్తే మూడో వంతు స్థాయికి పడిపోయింది. 2023లో క్యూబెక్ జూనియర్ లీగ్ కొట్లాటకు దిగితే మ్యాచ్ నుంచి పంపేస్తామని రూల్ పెట్టింది.

తల మీద దెబ్బ: రూల్ లేనిచోట శిక్ష ఎలా?

లాగడం, పట్టుకోవడం వల్ల ఆట చెడుతుంది. తలకు దెబ్బ తగిలితే మనిషి చెడతాడు. ఈ రెండో దాని మీద రూల్ రావడానికి చాలా కాలం పట్టింది.

2010 మార్చి 7న పిట్స్‌బర్గ్ ఆటగాడు మాట్ కుక్, బోస్టన్ ఆటగాడు మార్క్ సవార్డ్‌ను పక్కనుంచి వచ్చి భుజంతో తలకు గుద్దాడు. సవార్డ్ స్పృహ తప్పి పడిపోయాడు. కుక్ మీద ఒక్క మ్యాచ్ నిషేధం కూడా పడలేదు. భుజంతో తల మీద గుద్దడాన్ని అప్పటి రూల్ పుస్తకం తప్పుగా చెప్పకపోవడమే దీనికి కారణం. పెద్ద రగడ అయింది. పక్కనుంచి లేదా కనబడని వైపు నుంచి వచ్చి తలను గురి పెట్టి గుద్దడం తప్పు అని 2010-11 నుంచి 48వ రూల్ అమల్లోకి వచ్చింది. తర్వాత దాన్ని ఇంకా బిగించారు. 2011లో మ్యాచ్ అయ్యాక వీడియోలు చూసి నిషేధాలు వేయడానికి ప్రత్యేక విభాగం పెట్టారు. ఎందుకు నిషేధించారో వివరిస్తూ ఆ విభాగం వీడియోలు విడుదల చేస్తుంది. సవార్డ్ తిరిగి వచ్చాడు గానీ 2011 జనవరిలో ఇంకో దెబ్బ తగిలి అతని ఆట అక్కడితో ఆగిపోయింది.

కుక్ కథ మాత్రం చూడాల్సిందే. 2011 మార్చిలో ఇంకొకరిని మోచేత్తో కొట్టినందుకు సీజన్‌లో మిగిలిన 10 మ్యాచ్‌లు, ప్లేఆఫ్ మొదటి రౌండు మొత్తం నిషేధం పడింది. తర్వాత అతను ఆట పద్ధతే మార్చుకున్నాడు. ఆ సీజన్‌లో అతని ఖాతాలో 129 పెనాల్టీ నిమిషాలుంటే, తర్వాతి సీజన్‌లో 44 మాత్రమే. గోల్స్ 12 నుంచి 19కి పెరిగాయి. శిక్ష మనిషిని మార్చింది అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుందని అందరూ అన్నారు. కానీ 2014 ప్లేఆఫ్‌లో ఒక ఆటగాణ్ణి మోకాలితో గుద్ది మళ్లీ 7 మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. ఒకసారి మారినవాడు ఎప్పటికీ మారినట్టే అన్న పూచీ లేదు.

ఇంకా పెద్ద చిక్కు ఒకటుంది. తల దెబ్బల మీద టొరంటో పరిశోధకులు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. కొత్త రూల్ వచ్చాక కూడా ఎన్‌హెచ్ఎల్‌లో తల దెబ్బలు తగ్గలేదని అందులో తేలింది. దెబ్బలకు ఎక్కువగా బాడీ చెక్‌లే కారణం. కానీ వాటిలో రిఫరీ తప్పుగా పట్టినవి తక్కువ. చాలా దెబ్బలు రూల్ ఒప్పుకునే గుద్దుల వల్లే తగిలాయి. తప్పుకు శిక్ష ఎంత పెంచినా, తప్పు కాని దాని వల్ల జరిగే నష్టం తగ్గదు కదా.

నాజెమ్ కాద్రీ: రెండు వైపులా నిలబడ్డవాడు

మన పాఠకుల్లో కొందరు ఈ పేరు వినే ఉంటారు. నాజెమ్ కాద్రీ 1990లో కెనడాలోని లండన్ నగరంలో పుట్టాడు. కుటుంబం మూలాలు లెబనాన్‌లో ఉన్నాయి. 2009లో టొరంటో మేపుల్ లీఫ్స్ అతన్ని ఏడో ఎంపికగా తీసుకుంది. మంచి ఆటగాడు, కానీ ఆవేశం ఎక్కువ.

2018 ప్లేఆఫ్‌లో బోస్టన్ మీద ఆడుతూ తప్పు చేసి 3 మ్యాచ్‌ల నిషేధం పొందాడు. 2019లో మళ్లీ అదే బోస్టన్, మళ్లీ మొదటి రౌండే. కర్రను అడ్డంగా పట్టి ఒక ఆటగాణ్ణి కొట్టాడు. ఆ రౌండులో మిగిలిన మ్యాచ్‌లన్నిటికీ దూరం. రెండేళ్లూ టొరంటో ఏడో మ్యాచ్‌లో ఓడి ఇంటికి పోయింది. 2019 జూలైలో జట్టు అతన్ని కొలరాడోకు ఇచ్చేసింది. కొలరాడోలో కూడా 2021 ప్లేఆఫ్‌లో సెయింట్ లూయిస్ ఆటగాణ్ణి తల మీద గుద్ది 8 మ్యాచ్‌ల నిషేధం తెచ్చుకున్నాడు. అతను లేకుండా ఆడిన కొలరాడో రెండో రౌండులో ఓడిపోయింది.

జీతం కోత సంగతి కూడా చెప్పాలి. మామూలు సీజన్‌లో నిషేధం పడితే ఆటగాడి జీతంలో కోత పడుతుంది. పాత తప్పులున్నవాడికి కోత లెక్క ఇంకా గట్టిగా ఉంటుంది. ఆ డబ్బు కష్టాల్లో ఉన్న ఆటగాళ్ల సహాయ నిధికి పోతుంది. ప్లేఆఫ్‌లో జీతమే ఉండదు కాబట్టి కోసేదీ ఉండదు. అక్కడ శిక్ష అంటే జట్టు తన మనిషిని పోగొట్టుకోవడమే. కాద్రీ విషయంలో మూడుసార్లు జరిగింది అదే.

2021-22లో కథ మారింది. కాద్రీ తన కెరీర్‌లోనే ఎక్కువగా 87 పాయింట్లు సాధించాడు. ప్లేఆఫ్‌లో సెయింట్ లూయిస్ గోల్‌కీపర్‌తో ఢీకొన్న సంఘటన తర్వాత అతని మతం, జాతి పేరు చెప్పి బెదిరింపులు వచ్చాయి. తర్వాతి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ కొట్టాడు. ఆ తర్వాతి దశలో ఎడ్మంటన్ ఆటగాడు ఇవాండర్ కేన్ వెనకనుంచి గుద్ది గోడకు కొట్టించడంతో కాద్రీ బొటనవేలు విరిగింది. కేన్‌కు ఐదు నిమిషాల మేజర్, ఒక మ్యాచ్ నిషేధం పడ్డాయి. కాద్రీ ఆపరేషన్ చేయించుకుని ఫైనల్ నాలుగో మ్యాచ్‌లో దిగి, అదనపు సమయంలో గెలుపు గోల్ కొట్టాడు. జూన్ 26న కొలరాడో స్టాన్లీ కప్ గెలిచింది. ఆ కప్పు అందుకున్న మొదటి ముస్లిం ఆటగాడు కాద్రీ. ఆగస్టులో ఆ కప్పును తన ఊరి మసీదుకు, లండన్ ముస్లిం మాస్క్‌కు, తీసుకెళ్లాడు.

మనవాడని అతని తప్పుల్ని దాచాల్సిన పని లేదు. తలకు గుద్దినప్పుడు పడిన శిక్ష న్యాయమైనదే. అదే మనిషి తర్వాత ఇంకొకరి తప్పుకు బలయ్యాడు. రూల్ ఇద్దరికీ ఒక్కటే ఉండాలని అర్థమవడానికి అతని కథే చాలు.

మన దగ్గర కార్డులు

మన హాకీలో పచ్చ కార్డు పడితే రెండు నిమిషాలు, పసుపు కార్డుకు కనీసం ఐదు నిమిషాలు బయట ఉండాలి. ఎర్ర కార్డు పడితే ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగేది లేదు. పచ్చ కార్డు ఒకప్పుడు హెచ్చరిక మాత్రమే. తర్వాత దానికి రెండు నిమిషాలు జోడించారు. అనంతపురం ఆర్డీటీ క్రీడా ప్రాంగణంలో హాకీ నేర్చుకునే పిల్లలకు ఇవన్నీ మొదట్లోనే చెప్తారు.

2024 ఆగస్టు 4, పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్. బ్రిటన్ మీద భారత్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్ కర్ర ప్రత్యర్థి తలకు తగిలింది. వీడియో చూశాక ఎర్ర కార్డు చూపించారు. కావాలని కొట్టాడా, పొరపాటున తగిలిందా అని దేశమంతా వాదించుకుంది. మన జట్టు 40 నిమిషాలకు పైగా పది మందితోనే ఆడి 1-1తో నిలిచి, షూటౌట్‌లో 4-2తో గెలిచింది. సంబరం అయ్యాక అసలు బిల్లు వచ్చింది. రోహిదాస్ మీద ఒక మ్యాచ్ నిషేధం. సెమీఫైనల్లో అతను లేడు, జర్మనీ చేతిలో 3-2తో ఓడిపోయాం. తర్వాత స్పెయిన్ మీద గెలిచి కాంస్యం తెచ్చుకున్నాం. మనుషులు తగ్గినా గెలవొచ్చు, కానీ దాని ఖరీదు తర్వాతి మ్యాచ్‌లో కట్టాల్సి వస్తుందని ఆ రోజు అందరికీ తెలిసింది.

అసలైన ఐస్ హాకీ మన దేశంలో ఎక్కువగా లడఖ్‌లో ఆడతారు. భారత్ 1989 నుంచి అంతర్జాతీయ సమాఖ్యలో సభ్య దేశం. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన అమ్మాయిల జట్టు కాంస్యం గెలిచింది. గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకు అల్ ఐన్ తెలిసిన ఊరే. ఎడారిలోనూ మంచు మైదానాలు కట్టి ఆడుతున్నారు.

రిఫరీ మీద భారం

రూల్ ఎంత బిగిస్తే రిఫరీ పని అంత కష్టం. ఎన్‌హెచ్ఎల్‌లో ఒకప్పుడు ఒక్క రిఫరీయే పెనాల్టీలు చూసేవాడు, ఇప్పుడు ఇద్దరు. అయినా ఒక జట్టుకు ఇచ్చారు కాబట్టి ఇంకో జట్టుకూ ఇవ్వాలి అన్న "సరిసమానం" ఆలోచన పోలేదు. 2021 మార్చిలో టిమ్ పీల్ అనే రిఫరీ, నాష్‌విల్ జట్టుకు ఒక పెనాల్టీ వేయాలని ముందే అనుకున్నట్టు మైకులో దొరికిపోయాడు. అతన్ని ఇక మ్యాచ్‌లకు వాడబోమని లీగ్ ప్రకటించింది. రిఫరీ మీద నమ్మకం పోతే రూల్ పుస్తకంలో ఎంత గట్టిగా రాసినా లాభం లేదు. పల్లె కబడ్డీలో అంపైర్ మా ఊరివాడా, మీ ఊరివాడా అని గొడవ పడేదీ ఇందుకే.

పిల్లల విషయంలో తేలిన సంగతి

మొదట అడిగిన ప్రశ్న దగ్గరికి వద్దాం. దెబ్బలు తగలవా?

కెనడాలో క్యూబెక్ రాష్ట్రం 11, 12 ఏళ్ల పిల్లలకు బాడీ చెక్ ఒప్పుకునేది కాదు. ఆల్బర్టా రాష్ట్రం ఒప్పుకునేది. రెండు చోట్లా పిల్లల్ని పోల్చి కాల్గరీ పరిశోధకులు 2010లో ఫలితాలు చెప్పారు. గుద్దడం ఒప్పుకున్నచోట దెబ్బల ముప్పు మూడు రెట్లకు పైగా ఉంది. తల దెబ్బల ముప్పూ అంతే. 2011లో అమెరికా, 2013లో కెనడా ఆ వయసు పిల్లలకు బాడీ చెక్‌ను తీసేశాయి. ఇప్పుడు 13 ఏళ్ల వయసు విభాగం నుంచే అది మొదలవుతుంది. మార్పు తర్వాత ఆల్బర్టాలో ఆ వయసు పిల్లలకు తల దెబ్బలు సగానికి పైగా తగ్గాయని తర్వాతి అధ్యయనం చూపించింది.

పెద్దల లీగ్‌లో గుద్దును ఉంచి, చెడ్డ గుద్దుకు శిక్ష పెంచారు. తల దెబ్బలు పెద్దగా తగ్గలేదు. పిల్లల ఆటలో గుద్దునే తీసేశారు. దెబ్బలు తగ్గాయి. ఈ రెండింటి మధ్య తేడాలోనే జవాబు ఉంది.

పిల్లల్ని చేర్చేముందు అడగాల్సినవి

కెనడాలో, అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మన కుటుంబాలు క్లబ్బులో డబ్బు కట్టేముందు ఈ నాలుగు ప్రశ్నలు అడగడం మంచిది.

ఈ వయసు విభాగంలో బాడీ చెక్ ఉందా? పిల్లలు పెద్దయ్యాక కూడా గుద్దు లేని విభాగాలు చాలాచోట్ల ఉంటాయి, అందులో చేర్చొచ్చు.

తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే పిల్లాణ్ణి వెంటనే ఆట నుంచి బయటికి తెస్తారా? డాక్టరు సరే అనేదాకా దింపకుండా ఉంటారా?

వెనకనుంచి గుద్దితే ఈ లీగ్‌లో ఏం శిక్ష? పోయిన ఏడాది నిజంగా వేశారా?

కోచ్ పిల్లలకు తప్పించుకోవడం, గోడ దగ్గర జాగ్రత్తగా నిలబడటం నేర్పిస్తాడా, లేక గుద్దడం ఒక్కటే నేర్పిస్తాడా?

మూడో ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే మిగతావి అర్థమైపోతాయి. రూల్ అందరి దగ్గరా ఉంటుంది. 2005లో ఎన్‌హెచ్ఎల్‌కు తెలిసొచ్చింది కూడా అదే. పుస్తకంలో ఉన్న రెండు నిమిషాలు పెట్టెలో కూర్చోబెట్టిన రోజే రూల్ అవుతాయి.